మొయినాబాద్ గోడ మీద చైనా అక్షరం

మొయినాబాద్ బస్టాండు గోడ మీద పొద్దున్నే ఒక చైనా అక్షరం కనిపించింది. ఎడమవైపు మూడు గీతలు, కుడివైపు మూడు గీతలు.

పక్కనే బొగ్గుతో ‘జై తెలంగాణ’ అని ఉంది. 1969లో ఆ మాట లేని గోడ లేదు కనుక దాన్నెవరూ పట్టించుకోలేదు. చైనా అక్షరాన్ని చూసి మాత్రం కొత్త ఎస్సైకి చెమటలు పట్టాయి.

దాన్ని చదవగలిగినవాడు ఆ చుట్టుపక్కల బాలప్ప ఒక్కడే. అరవై రెండు యుద్ధంలో చైనావాళ్లకు చిక్కి, ఆరు నెలలు ఖైదులో ఉండి వచ్చిన మాజీ సిపాయి. జీపు పంపి పిలిపించారు.

“ఏమిటయ్యా ఇది?”

“షింగ్ సార్. నడువుమని.”

ఎస్సై రాసుకున్నాడు.

“హాంగ్ అని గూడ అంటరు సార్. అప్పుడు వరుస. లేకుంటె దుకాణం.”

“ఉన్నది ఒక్క అక్షరమేగా?”

“ఒక్కటే సార్. మళ్ల షింగ్ అంటె, సరే అని గూడ.”

“ఇన్ని అర్థాలైతే వాళ్లు మాట్లాడుకునేదెలాగయ్యా?”

“నాకూ గదే సమజ్ కాలె సార్. సరే అన్నరనుకొని కూసుంటె, నడువుమని నూకిన్రు.”

ఎస్సై నవ్వలేదు. నాలుగు ముక్కలూ కలిపి చూసుకున్నాడు. వరుసగా నడవాలి. దుకాణాలు మూయించాలి. అందరూ సరే అన్నారు. అంటే రేపు గొడవ ఇక్కడే!

“రేపు చేవెళ్లల ఆడోళ్ల ఊరేగింపు ఉన్నది సార్,” హెడ్ కానిస్టేబుల్ హన్మంతు గుర్తు చేశాడు. “మొన్నటి ఊరేగింపుల మన లాఠీలకు ఇద్దరికి తలలు పగిలినయ్. వ్యాను ఆడికి...”

“ఆడవాళ్ల సంగతి తర్వాత. ముందు చైనా సంగతి చూడాలి. వ్యాను ఇక్కడికే!”

మర్నాడు పొద్దంతా పోలీసులు మొయినాబాద్‌లో, తెరిచి ఉన్న దుకాణాల ముందు, ఎండలో నిలబడ్డారు. సోడాలు బాగా అమ్ముడుపోయాయి. చేవెళ్లలో రెండు వందల మంది ఆడవాళ్లు తాలూకా ఆఫీసు దాకా నడిచి, అర్జీ ఇచ్చి, ఒంటి మీద దెబ్బ పడకుండా ఇళ్లు చేరారు.

సాయంత్రం బాలప్ప గడపలో కూర్చుని ఉండగా భార్య సారమ్మ వచ్చింది. నినాదాలిచ్చి ఆమె గొంతు పూర్తిగా పోయింది. చెంబెడు నీళ్లు తాగి, మొగుడి పక్కన కూలబడి, గుసగుసగా అడిగింది:

“నువ్వు నేర్పినట్టే రాసిన గని గోడ మీద జర వంకరొచ్చింది, ఎస్సైకి శక్ రాలేదా?”