నీళ్లు తగలొద్దు

"ఉరకకు బిడ్డా, ఉన్నకాడనే నిలబడు."

బడి నల్లా దగ్గర కూర్చున్న ముసలాయన అరిచాడు. కుక్క వెంటపడ్డప్పుడు ఎవరి మాట ఎవరికి ఎక్కుతుంది? తొమ్మిదో తరగతి వర్షిత పరుగు లంకించుకుంది.

నాలుగడుగులు వేసిందో లేదో, కుక్క పిక్క పట్టేసింది.

ముసలాయన చెప్పు విసిరి కుక్కను తరిమాడు. వర్షితను రెక్క పట్టుకుని నల్లా కిందికి తెచ్చాడు. జేబులోంచి సబ్బు ముక్క తీశాడు.

"ఇడువు తాతా, మంటైతాంది."

"కానియ్యి. పావుగంట కడగాలె."

వారం రోజులుగా ఆయన ఆ నల్లా దగ్గరే కూర్చుంటున్నాడు. ఏ ఊరో, ఎవరో తెలియదు. పిచ్చోడని పిల్లలు దూరంగా తప్పుకుని నడిచేవాళ్లు. ఇప్పుడు ఆ పిచ్చోడి చేతికే తన కాలు చిక్కిందని వర్షితకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఎదురుగా మిర్చిబజ్జీల బండి పెట్టుకున్న తల్లి శ్రీదేవి పరుగెత్తుకొచ్చింది. వస్తూనే ఆయన అంగీ పట్టి గుంజింది. గుండీలు తెగి రాలాయి.

"నీళ్లు పోస్తున్నవా? పసరు పడకముందే నీళ్లు తగిలితే విషం ఎక్కుతదని తెల్వదా? నా బిడ్డను సంపుతవా?"

"పసరొద్దమ్మా. దవాఖానకు తోల్కపో. సూది ఏపియ్యి."

శ్రీదేవి ఒక్క తోపు తోసింది. ముసలాయన బురదలో పడ్డాడు. ఆమె వెనక్కి కూడా చూడకుండా బిడ్డను ఆటో ఎక్కించింది.

కుక్కకాటంటే ఆ చుట్టుపక్కల అందరికీ గుట్టకాడి భిక్షం పేరే నోటికొస్తుంది. ఆయన హస్తవాసి అలాంటిది. శ్రీదేవి ఆయన్ను ఎన్నడూ చూడలేదు గానీ, ఆయన చెప్పే పత్యాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. మూడు రోజులు ఉప్పు ముట్టొద్దు. పసరు పడేదాకా గాయానికి నీళ్లు తగలొద్దు.

ఆటోలో వర్షిత తన కాలినే చూసుకుంటోంది. ఇంకా తడిగానే ఉంది. విషం మోకాలు దాటిందేమోనని ఆమె భయం.

"అమ్మా, నేను గూడ కుక్కలెక్క మొరుగుతనా?"

"నోరు మూసుకో," అంది శ్రీదేవి.

భిక్షం ఇంటి ముందు పసరు నూరే రోలు బోర్లించి ఉంది. ఆయన భార్య మారెమ్మ గడప దాటి వచ్చింది.

"మందు బంద్ జేసినం. గిదే ఆటోల దవాఖానకు పోండ్రి."

"కట్టంగూరు నుంచి వచ్చినం అవ్వా. బొడ్డుచుట్టు సూదులంటే పిల్ల తట్టుకోదు. జర పెద్దాయనను పిలువు, కాళ్లు మొక్కుత."

"ఇప్పుడు సూది చేతి రెట్టకే ఏస్తున్నరమ్మా." మారెమ్మ గోడ వైపు చెయ్యి చూపింది.

దండ వేసిన ఫోటో. వర్షిత ఈడు పిల్ల, బడి బట్టల్లో నవ్వుతోంది.

"మా మనవరాలు. కుక్క గరిస్తే తాతనే పసరు పోసిండు. చుక్క నీళ్లు తగలనియ్యలే. నెల దాటినంక గిలాసల నీళ్లు జూసి మొత్తుకున్నది. మూడు దినాలకు పోయింది."

వర్షిత అమ్మ కొంగు గట్టిగా పట్టుకుంది.

"మరి ఆయన యాడున్నడు?" శ్రీదేవి అడిగింది.

"ఇంట్ల ఉంటలేడమ్మా. కుక్కలెక్కువున్న బడి యాడుందో అడుక్కుంట తిరిగిండు. వారం సంది జేబుల సబ్బు ఏసుకొని, పొద్దుగాల్నే బస్సెక్కి మీ కట్టంగూరు బడి నల్లా కాడికే పోతుండు."