పెన్ను ఎవరి చేతిలో

తనిఖీకి వచ్చిన పెద్దమనిషికి నేను చేసేది కాపీ కొట్టించడంలా కనిపించింది. నాలుగో తరగతి పిల్ల జవాబులు నోటితో చెబుతోంది, నేను రాస్తున్నాను. ఆ పిల్లకి రాయబోతే ‘ప’, ‘వ’ తారుమారవుతాయి. పాఠం మాత్రం పొల్లుపోకుండా చెబుతుంది.

“ఒక్కరికి రాసిపెడితే రేపు అందరూ అడుగుతారమ్మా. పరీక్షంటే పరీక్షే,” అన్నాడు. పాతికేళ్లుగా ఆఫీసు కుర్చీ దిగనివాడికి బడి గురించి తెలియనిదేముంటుంది?

వెళ్లబోతూ తనిఖీ పుస్తకం నా ముందుకు తోశాడు.

“మా గుమాస్తా సెలవులో ఉన్నాడు. నేను చెబుతుంటాను, మీరు రాయండి.”

“ఒక్కరికి రాసిపెడితే రేపు అందరూ అడుగుతారండీ,” అని పెన్ను ఆయన చేతికే ఇచ్చాను.

మొహం మాడ్చుకుని మొదలెట్టాడు. ‘పిద్యార్థులు’ అని రాశాడు. చూసుకుని కొట్టేశాడు. మళ్లీ ‘పిద్యార్థులు’ అనే రాశాడు. మళ్లీ కొట్టేశాడు. నుదుట చెమట పట్టింది. నేను నవ్వాపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

పిల్ల నవ్వలేదు. ఆ కొట్టివేతల వంక కాసేపు చూసి, ఆయన పక్కకు జరిగి మెల్లగా చెప్పింది:

“సార్, మీరు కూడా నోటితో చెప్పేయండి. టీచర్ రాస్తారు. మార్కులేం తగ్గవు.”