రన్నింగ్ బ్యాక్‌ని ట్రేడ్ చేశారు

"దట్స్ నాట్ ఫెయిర్ నాన్నా! పోయినేడు మన టీమ్‌లో అందరికంటే ఎక్కువ పరిగెత్తింది వాడేగా. వాణ్ణి ఎందుకు వేరే టీమ్‌కి ట్రేడ్ చేశారు?" టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ వార్త చూసి పన్నెండేళ్ల నిహిర సోఫాలోంచి లేచి నిలబడింది.

"బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌కి ఇరవై ఎనిమిదేళ్లంటే ముసలితనమే. మోకాళ్లు అరిగిపోతాయి," అన్నాడు ఫణీంద్ర. "వాడికి బదులు ఇద్దరు కుర్రాళ్లు వస్తున్నారు. మంచి ట్రేడ్."

"మరి వాడి పిల్లలు స్కూల్ మారాలి కదా?"

"ఇది బిజినెస్ అమ్మా. పొమ్మన్నచోటికి పోవాలి."

వంటింట్లోంచి తల్లి హైమవతి వచ్చి టీవీ కట్టేసింది. "అయితే మన సంగతి కూడా దానికి చెప్పెయ్యండి."

ఫణీంద్ర కూతురి వైపు తిరిగాడు.

"కంపెనీ నన్ను సియాటిల్ ఆఫీస్‌కి మారుస్తోందమ్మా. వచ్చే నెల మనం ఈ చాండ్లర్ ఊరు వదిలి వెళ్లాలి."

కూతురు ఏడుస్తుందనుకున్నారు ఇద్దరూ. నిహిర ఏడవలేదు. వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"నీకు బదులు ఇక్కడికి ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదు."

"ఒక్కళ్లు కూడానా?"

"ఒక్కళ్లు కూడా."

నిహిర తల అడ్డంగా ఊపింది. "అయితే చాలా చెత్త ట్రేడ్ నాన్నా. నిన్ను ఊరికే ఎలా ఇచ్చేస్తారు?"

ఈసారి యాజమాన్యాన్ని వెనకేసుకురావడం ఫణీంద్ర వల్ల కాలేదు.