తుమ్ముల గోలీలు

హైదరాబాద్‌లో బస్సెక్కిన దగ్గర్నుంచి మునావర్ కునికిపాట్లు పడుతూనే ఉన్నాడు. అతన్ని చూస్తుంటే నర్సింగానికి ఒళ్లు మండిపోతోంది.

ఇద్దరిదీ ఒకటే రోగం, మెదడులో గడ్డ. ఇద్దరూ ఆ రోగంతోనే దుబాయ్ నుంచి తిరిగొచ్చారు. తుమ్ములకు వేసుకునే గోలీలు ఈ గడ్డ మీద కూడా పనిచేస్తాయేమో చూద్దామని హైదరాబాద్‌లో పెద్దాసుపత్రివాళ్లు పరిశోధన పెట్టారు. మామూలు వైద్యం అందరికీ ఉంటుంది. దానికి తోడు సగం మందికి అసలు గోలీలు, సగం మందికి అచ్చం అలాగే ఉండే, మందు లేని ఉత్త గోలీలు. ఎవరికి ఏవి పడ్డాయో డాక్టర్లకు కూడా తెలియదట. ఈ నెల గోలీల డబ్బాలు తీసుకుని ఇద్దరూ ఇళ్లకు తిరిగి వెళుతున్నారు.

నర్సింగానికి మాత్రం తెలుసు. సిరిసిల్లలో సాంచెలు నడిపిన రోజుల్లో దూది నుసికి తుమ్ములు పట్టుకుంటే ఆ గోలీలే మింగేవాడు. మింగాడంటే ఆ మరమగ్గం పక్కనే నిద్ర ముంచుకొచ్చేది. ఇప్పుడేమో రోజూ మింగుతున్నా రెప్ప వాలడం లేదు.

"మస్తు నిద్రొస్తున్నట్టుంది గదా భాయ్!" అన్నాడు ఉక్రోషంగా.

"ఏం జెయ్యాలె అన్నా, గోలీ ఏస్కుంటే కండ్లు మూస్కవోతున్నయ్. నీకు రాదా?"

"నాకేం నిద్ర! నా నసీబుల ఉత్త గోలీలే ఉన్నయ్. సాంచెలు బందయినయ్, దుబాయ్ బందయింది, ఆఖరికి గిది గూడ గిట్లనే!" నర్సింగం కిటికీ వైపు తిరిగాడు. "నా బిడ్డ ఇంకా చిన్నది భాయ్."



సిద్దిపేటలో నర్సింగం దిగి చాయ తాగి వచ్చేసరికి అతని సంచి మునావర్ ఒళ్లో ఉంది. "కిందవడ్డదన్నా," అంటూ అందించాడు. కాసేపటికి మళ్లీ గురక.

నర్సింగం అటూ ఇటూ చూశాడు. తప్పని తెలుసు. సిగ్గు కూడా వేసింది. అయినా చెయ్యి ఆగలేదు. మునావర్ సంచిలోని గోలీల డబ్బా తీసి తన సంచిలో వేసుకుని, తన డబ్బా అతని సంచిలోకి తోసేశాడు. రెండూ ఒకే తీరు తెల్ల డబ్బాలు, ఎవరు గుర్తుపడతారు!

సిరిసిల్ల వచ్చింది. నర్సింగం తల వంచుకుని లేచాడు. కోరుట్ల దాకా పోవాల్సిన మునావర్ కళ్లు నులుముకుంటూ అతని చెయ్యి పట్టుకున్నాడు. నర్సింగం సంచిని చంకలో ఇరికించుకున్నాడు.

"ఫికర్ జెయ్యకన్నా, నా పిల్లలు పెద్దోళ్లయిండ్రు, నువ్వు చాయకు దిగినప్పుడే నా డబ్బ నీ సంచిల వెట్టి, నీది నేను తీస్కున్న."