గుణకారం గుర్తు

"బిడ్డా, గీ యాడ్ యాడికెళ్లి వస్తున్నది?"

ఆర్మూర్ పసుపు మార్కెట్ ఎదుట ఉన్న మొబైల్ దుకాణంలోకి, చెప్పులు బయటే విడిచి వచ్చిన ముసలాయన అడిగిన మొదటి మాట అది.

దుకాణం యజమాని జితేందర్ ముఖం వెలిగిపోయింది. అతనికి మాట దొరికితే చాలు, పసుపు కొమ్ములా ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టి మరీ వదులుతాడు.

"గది యాడికెళ్లయినా వస్తది తాతా. అందుకే దాన్ని యాడ్ అన్నరు!"

దుకాణం గొల్లుమంది. అందరూ పసుపు అమ్ముకుని, ఆ చేత్తోనే కొత్త ఫోన్లు కొనడానికి ఆడవాళ్లతో సహా వచ్చిన రైతులు.

ముసలాయన ఫోన్ ముందుకు చాపాడు.

"ఆగాగు! నీ చేతి పసుపంత నా అద్దానికి అంటుతది. ఫోన్‌కేమన్న పెండ్లా? ఆడికెళ్లే చూపెట్టు."

జితేందర్ దాన్ని చేతిలోకైనా తీసుకోలేదు. కౌంటర్ వెనక నుంచే మెడ చాచి చూశాడు.

తెర నిండా ఒక అమ్మాయి. ఒంటి మీద గుడ్డ కంటే అక్షరాలే ఎక్కువ. మూలన ఆవగింజంత గుణకారం గుర్తు.

"గా గుర్తు నొక్కు, పోతది."

ముసలాయన నొక్కాడు. ఒకటి పోయి రెండు వచ్చాయి.

గుణకారం గుర్తు కదా, గుణించింది. గుణం మాత్రం లేదు.

ఆ గుణకారం ఎక్కడిదో జితేందర్‌కు బాగా తెలుసు. పసుపు ధరలు చూపిస్తానంటూ ఒక యాప్ ఉంది. తను అమ్మే ప్రతి ఫోన్‌లోనూ దాన్ని తనే ఎక్కిస్తాడు. ఎక్కించినందుకు ఆ యాప్ వాళ్లు ఎంతో కొంత ముట్టజెబుతారు. యాప్ తీసేస్తే యాడ్లు పోతాయి. చిటికెలో పని. కానీ ఒకరికి తీస్తే చూసిన వాళ్లంతా తీయమంటారు.

"పోతలేదు బిడ్డా," అన్నాడు ముసలాయన. "గిది పెట్టినోళ్ల మీద కేసు వెయ్యచ్చంట గద? నిజామాబాద్‌ల వినియోగదారుల కమిషన్ ఉన్నదంట."

ఉంది. వెయ్యవచ్చు. మూసే వీల్లేని యాడ్ పెట్టడం తప్పే. అంతదూరం పోకముందు వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఒక్క ఫోన్ కొట్టినా ఫిర్యాదు రాసుకుంటారు. ఇవన్నీ జితేందర్‌కు తెలుసు. ఆ ఫిర్యాదు తిరిగి తిరిగి, యాప్ ఎక్కించిందెవరంటూ తన కౌంటర్ ముందే వచ్చి నిలబడుతుందని కూడా తెలుసు.

యాడ్ మూయడం ఇష్టం లేని వాడికి నోరు మూయించడమే దారి.

ముసలాయన గొంతు తగ్గించాడు. "పేరు బయటికి రాకుంట వెయ్యచ్చా?"

దొరికింది సందు.

"ఎందుకు తాతా, సిగ్గయితుందా? ఫోన్ల మనం ఏం చూస్తే గసొంటియే వస్తయ్. నిజం చెప్పు, ఏం చూస్తున్నవ్?"

మళ్లీ గొల్లుమన్నారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పైకి ఎండిన కొమ్ము లెక్కున్నవ్ గని, లోపల ఇంక పచ్చిగనే ఉన్నవ్! కేసు వేస్తే జడ్జి ముంగట గీ బొమ్మ చూపెట్టాలె మరి. చూపెడ్తవా?"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. ఫోన్ వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

"నాదే తప్పు బిడ్డా," అని ఫోన్‌ను నీలి కండువాలో చుట్టుకుని, చెప్పులు తొడుక్కుని ఎండలోకి వెళ్లిపోయాడు.

ఆ సీజనంతా జితేందర్ దుకాణంలో అదే కథ. వచ్చిన వాడికల్లా చెప్పాడు. 'పచ్చి తాత' అన్న పేరు పసుపు బస్తాల బండ్లెక్కి ఊళ్లు తిరిగింది.

వేల్పూర్‌లో తల్లిగారింటికి పోయిన భార్య పద్మలత తిరిగొచ్చిన రోజు, అన్నం తింటూ ఆమెకూ చెప్పాడు.

పద్మలత నవ్వలేదు.

"గా తాతకు నీలి కండువా ఉండెనా?"

"ఉండె. నీకెట్ల ఎరుక?"

"మా అమ్మోళ్ల పక్కింటి లింబాద్రి మామ. నువ్వు గుర్తువట్టలే. ఊర్ల పోరలు గూడ పచ్చి తాత అంటున్నరని, ముఖం చూపెట్టలేక పోచంపాడ్‌ల బిడ్డ దగ్గరికి పోయిండు. ఇగ రాడంట."

జితేందర్ ముద్దను కంచంలో వదిలేశాడు.

"నంబర్ ఇయ్యి. మాఫ్ చెయ్యమంట. గా యాప్ నేనే తీసేస్త."

"నంబర్ యాడిది? మామకు ఎన్నడు ఫోనే లేదు."

"మరి గా ఫోను?"

పద్మలత సంచిలోంచి తీసి కంచం పక్కన పెట్టింది. వెనక అట్ట మీద పసుపు వేలిముద్ర ఆరిపోయి ఉంది.

"మా అమ్మది. దసరాకు నువ్వే ఇస్తివి గద. చుట్టిన బీడీలు కార్ఖానల ఇయ్యవోయిన కాడ గా బొమ్మ తెరుసుకుంటే కొంగుల దాసుకున్నదంట. అల్లుని ఎదురుంగ నిలవడి మాట్లాడని మనిషి, గది నీకెట్ల చూపెడ్తది? 'నా ఫోనని అల్లునికి చెప్పకు' అని మామతోని ఒట్టేయించుకొని, నమ్మకమని నీ దుకాణానికే పంపింది."

తెర వెలిగింది. అమ్మాయి నవ్వింది. జితేందర్ వేలు గుణకారం గుర్తు దాకా పోయి ఆగింది.

వేలు వెనక్కి తీసుకుని అడిగాడు.

"అత్తమ్మకు నా గురించి ఏం చెప్పిండు?"

"పచ్చి తాత అన్నది ఎవలని అమ్మ ఎంత అడిగినా చెప్పలేదంట," అంది పద్మలత అతని వైపు చూడకుండా. "'నీ అల్లుడు మస్తు మంచోడు చెల్లే, కూసోబెట్టి చాయ్ తాపిండు' అని మాత్రం చెప్పి పోయిండంట."