కనిపించని కూలి

బొమ్మలమ్మాయి ఎక్కిన నాలుగో గడప అది.

మొదటి గడపలో ఆ డబ్బు హరాం అన్నారు. రెండో గడపలో హలాలే అన్నారు గానీ, ఎందుకో చెప్పలేకపోయారు. మూడో ఆయన వచ్చే నెల రమ్మన్నాడు.

అమ్మ కంటి ఆపరేషన్ మాత్రం రేపే.

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుందని వీధిలో ఆమెకు ఆ పేరు. పరాయి దేశపు ప్రచురణకర్త ఈసారి కూలిని క్రిప్టో అనే డిజిటల్ నాణేల్లో పంపాడు. ఫోన్లో అంకెలే తప్ప చేతికి తగిలేదేమీ లేదు. సంగతి తెలిసి అమ్మ మొండికేసింది. అది ధర్మమైన డబ్బేనని తెలిసినవాళ్లెవరైనా చెప్పేదాకా కన్ను ముట్టుకోనివ్వనంది.

అందుకే పొద్దుటి నుంచీ, ధర్మసందేహాలు తీర్చే ముఫ్తీగారి గది బయట బల్ల మీద పడిగాపులు.

పక్కన వెలిసిన బురఖాలో ఒక ముసలావిడ. ఏం పని మీద వచ్చావని అడిగింది.

చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టిన కథే. అమ్మ కన్నూ, నాణేలూ అన్నీ కలిపి గబగబా అప్పజెప్పింది.

ముసలావిడ వదల్లేదు. "బొమ్మలు వేసినందుకే ఇచ్చాడా? ధర పెరుగుతుందని నువ్వే కొన్నావా?"

"వేసినందుకే."

"ఎంతని ముందే అనుకున్నారా?"

"అనుకున్నాం."

"దాచి ఉంచావా?"

"మొన్న సాయంత్రమేగా వచ్చాయి పెద్దమ్మా. ఎప్పుడు దాచను?"

ముసలావిడ తల పంకించింది. బంగారమూ వెండీ కానిది డబ్బెలా అవుతుందని తన తాత కాగితం నోటుతోనూ చచ్చేదాకా పేచీ పడ్డాడని చెప్పుకొచ్చింది.

"నోటు వెనక సర్కారు ఉంది. మరి దీని వెనక ఎవరున్నారు?"

బొమ్మలమ్మాయికి ఒళ్లు మండింది. ఆసుపత్రి నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. లోపలి నుంచి పిలుపు లేదు. మధ్యలో ఈ ఆరాలొకటి.

"తెలిస్తే ఇక్కడికెందుకొస్తాను? మీకు అర్థమయ్యే విషయం కాదిది. నన్ను వదిలేయండి."

ముసలావిడ గోడ పట్టుకుని లేచి, వెనక వాకిలి వైపు వెళ్లిపోయింది.

పీడ వదిలిందనుకుంది బొమ్మలమ్మాయి.

గంట తర్వాత పిలుపొచ్చింది. ఆమె నోరు తెరవబోతే ముఫ్తీగారు చేత్తోనే ఆపి, ఒక కాగితం ముందుకు జరిపారు.

'ఇది చేసిన పనికి ముందుగా ఒప్పుకున్న కూలి. పందెం కాదు. నోటుకున్న అండ ఈ నాణేనికి లేదు కనక, పెరుగుతుందని దాచుకోకుండా వెంటనే మార్చుకోవాలి. ఆ డబ్బుతో తల్లికి వైద్యం చేయించడం హలాల్.'

కింద ముఫ్తీగారి సంతకం.

కళ్లు చెమర్చాయి. అంతలోనే అనుమానమొచ్చింది.

"నేనింకా మీతో ఏమీ చెప్పలేదు కదండీ?"

తాను సంతకం మాత్రమే పెట్టానని, రాసింది తనకు చదువు చెప్పిన గురువుగారని అన్నారాయన.

ఒక్కసారి వారికి సలాం చెప్పుకుంటానంది.

"ఇప్పుడే బయల్దేరి వెళ్లారమ్మా. డబ్బు చిక్కుల్లో మా అందరికీ ఆవిడే దిక్కు. ఎంత దూరమైనా వస్తారు గానీ, అడగొచ్చినవాళ్ల పక్కన ఆ బల్ల మీద కూర్చుని, వాళ్ల నోటి నుంచే వినందే కలం పట్టరు."