చెయ్యి మారదు

"ఆ తండ్రి ఏమన్నడు?" మగ్గం గుంటలో కూర్చున్న వీరయ్య అడ్డపోగు దూర్చే నాడెను ఆపి అడిగాడు.

"ఏమనలే. కొడుకు గీసిన బొమ్మలన్నీ పొయిల పెట్టి, కాలిందాక సూసిండు."

"తల్లి?"

"గడపకాడ నిలబడ్డది." అతని భార్య అనంతమ్మ తెగిన పోగు ముడి వేసింది. "ఆమె గూడ ఏమనలే."

గద్వాలలో సినిమా ఆడే టాకీ డేరా వేసి నాలుగు రోజులైంది. అనంతమ్మ ఇప్పటికి రెండు సాయంత్రాలు వెళ్లింది. కుమ్మరి ఇంట పుట్టిన పిల్లవాడు బొమ్మల పిచ్చితో ఇల్లు విడిచి, ఎక్కడో పెద్దవాడయ్యే కథ. ఆ పెద్దవాడి వేషం కట్టినవాణ్ణి చూడగానే ఆమె కూర్చున్నచోటు నుంచి సగం లేచింది. అదే నుదురు. మాట మధ్యలో ఊపిరి తీసుకునే అదే తీరు. పదిహేనేళ్ల కిందట, నాటకాలవాళ్ల తెరలకు బొమ్మలు వేస్తానని వెళ్లిపోయిన కొడుకు దేవరాజు. అప్పుడు వాడికి పద్నాలుగేళ్లు. మళ్లీ జాడ లేదు.

డేరా దగ్గర టికెట్లు చింపే జయరాజుకు చెబితే నవ్వాడు.

"ప్రతి ఊర్ల ఒక తల్లి గిట్లనే అంటదవ్వా. పక్కా నీ కొడుకే అయితే చెప్పు. ఎల్లుండి పొద్దుగాల డేరా లేస్తది. మా సేటు రైలుకు మద్రాసు పోతుండు. మీ పెద్దాయన్ని ఎంబడి తోలుకపొమ్మని చెప్త. కాకపోతె గంత దూరం పోయి నవ్వులపాలైతరు."

వీరయ్యకు చూపు ఆనదు. దారాలను కూడా వేళ్లతో తడిమే నేస్తున్నాడు. చూడవలసింది అనంతమ్మే.

"ముఖం నమ్మకు," అన్నాడు. "ముఖానికి రంగేస్తరు. పేరు మారుస్తరు. చెయ్యి సూడు. చెయ్యి మారదు."

దేవరాజుకు కుడిచెయ్యే చెయ్యి. అది విసిరిన నాడెను ఎడమచెయ్యి ఎన్నడూ సరిగ్గా అందుకోలేదు. పట్టుకోనప్పుడల్లా వీరయ్య ఆ ఎడమచేతి మీదే కొట్టేవాడు; అనంతమ్మ గడపలో నిలబడి చూసేది.

"ఎడమతోని గీత గూడ గియ్యరాదు వానికి. కుడితోని గీస్తె వాడు మనోడే. పోత. కాళ్లన్నా మొక్కుత."

"కొడుకు కాళ్లు మొక్కుతవా?"

"మొక్కుత. నీకేంది?"

మరునాటి సాయంత్రం అనంతమ్మ ఆడవాళ్ల మధ్య కూర్చుంది. యంత్రం వెలుగు సూటిగా కళ్లలోకి కొడుతున్నా రెప్ప వాల్చలేదు. మొదట అక్షరాలు వచ్చాయి. ఆమెకు చదువు రాదు. కథ నడిచి నడిచి ఆ గదికి చేరింది. అతను బొగ్గుముక్క తీసుకుని గోడ మీద ఒక ఆడమనిషిని గీశాడు. గడపలో నిలబడి, చెంగు పంటికింద నొక్కుకుని, ఏమీ అనని మనిషి. అందరి ముందూ ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్లయింది అనంతమ్మకు.

గీసిన చెయ్యి ఎడమది.

మరో బొమ్మ గీశాడు. ఎడమే. ఇంకొకటి. ఎడమే.

ఆమెకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఆ గడపలోని మనిషి తాను కాదన్న తేలిక. ఆ తేలికకు సిగ్గుపడింది. తర్వాత, పక్కనున్నవాళ్లు సినిమా కోసమే అనుకునేలా, చాలాసేపు ఏడ్చింది.

పొద్దున్నే వీరయ్య ఉతికిన ధోవతి కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఏ చెయ్యి?"

"ఎడమ."

"మంచిగ సూసినవా?"

"మూడుసార్లు సూసిన."

వీరయ్య తన చేతులను ఒళ్లో పెట్టుకుని, వాటిని వేరెవరివో అన్నట్టు తడుముకున్నాడు. వీధిలో బండి ఆగింది.

"ఏందవ్వా, వస్తుండా పెద్దాయన? రైలు టైమైతుంది!" జయరాజు కేకేశాడు.

"మా పిలగాడు కాదు బిడ్డా. మీరు పోండ్రి."

"నే జెప్పలేదా!" అని నవ్వాడు జయరాజు. బండి కదిలి, మూల తిరిగింది.

వీరయ్య తడుముకుంటూ గుంటలోకి దిగాడు.

"ఏ తల్లి కన్న కొడుకో," అన్నాడు. "మంచిగ గీస్తడంటివి."

"మస్తు గీస్తడు," అంది అనంతమ్మ.

ఆ డేరాలో ఆడవాళ్లను కూర్చోబెట్టేది తెర వెనక, కుడి ఎడమగా కనబడే వైపు.